చట్టానికి లొంగని రంజాన్ దానం

రంజాన్ మాసపు మొదటి రోజున పాకిస్తాన్‌లో బ్యాంకుల తలుపులు ఖాతాదారులకు మూసి ఉంటాయి. లోపల సిబ్బంది మాత్రం పనిచేస్తూనే ఉంటారు. పొదుపు ఖాతాలలోనూ, లాభనష్టాల భాగస్వామ్య ఖాతాలలోనూ ఉన్న నిల్వ ప్రభుత్వం ప్రకటించిన కనీస పరిమితిని చేరినట్లయితే, అందులోనుంచి నూటికి రెండున్నర రూపాయల చొప్పున జకాత్ మినహాయించి ప్రభుత్వ నిధికి జమకట్టడం ఆ రోజు వారు చేయవలసిన పని. 1980లో చట్టరూపం ధరించిన ఈ ఏర్పాటు నాలుగు దశాబ్దాలు దాటినా కొనసాగుతున్నది. దానితోపాటే మరొక ఆనవాయితీ కూడా స్థిరపడిపోయింది. నెలవంక కనిపించడానికి ముందు రోజులలో ఖాతాదారులు పెద్ద సంఖ్యలో తమ డబ్బును వెనక్కు తీసుకోవడమో, జకాత్ వర్తించని కరెంట్ ఖాతాలలోకి మార్చుకోవడమో జరుగుతూ ఉంటుంది.

ఈ విధంగా డబ్బును తప్పించినవారంతా దానధర్మాలకు విముఖులని భావించడం పొరపాటు. వారిలో ఎందరో అదే మాసంలో అదే సొమ్మును తమకు తెలిసిన పేద బంధువులకు, ఇరుగుపొరుగున ఉన్న వితంతువులకు, ధర్మాసుపత్రులకు, మదర్సాలకు స్వయంగా ముట్టజెబుతారు. ఇవ్వడానికి వెనుకాడని వ్యక్తి, ప్రభుత్వం వసూలుకు వచ్చేసరికి ఎందుకు పక్కకు తప్పుకుంటున్నాడన్నది ఆలోచించవలసిన ప్రశ్న. ఇది పాకిస్తాన్‌కు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. ప్రభుత్వ నిధి ఉన్నా చెల్లింపును ప్రజల ఇష్టానికి విడిచిపెట్టిన బంగ్లాదేశ్‌కు, ప్రభుత్వ ప్రమేయమే లేని భారత్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఏడాది పొడవునా ఈ ఒక్క నెల కోసం ఎదురుచూసే నిరుపేద కుటుంబాలకు దీని సమాధానంతో నేరుగా సంబంధం ఉన్నది.

ఉపవాసం, దానం

ఇస్లామిక్ చాంద్రమాన పంచాంగంలో రంజాన్ తొమ్మిదవ మాసం. హిజ్రీ రెండవ సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం 624లో, ఈ మాసపు ఉపవాసాలు విధిగా నిర్ణయమైనాయి. తెల్లవారుజామున సహరీ భోజనం ముగించినది మొదలు సూర్యాస్తమయం వేళ ఇఫ్తార్ వరకు అన్నపానీయాలు రెండూ నిషిద్ధం. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు మినహాయింపు ఉన్నది. వీలైనవారు తప్పిన ఉపవాసాలను తరువాత పూర్తిచేసుకోవాలి. వృద్ధాప్యం వల్లనో, నయంకాని వ్యాధి వల్లనో ఎన్నటికీ ఉపవాసం ఉండలేనివారు రోజుకు ఒక పేదవాని చొప్పున భోజనం పెట్టవలసి ఉంటుంది. దీనినే ఫిద్యా అంటారు. ఉపవాసం చేయలేనివాడు అన్నదానం చేయాలన్న ఈ నియమంలోనే ఆకలికీ దానానికీ గల సంబంధం స్పష్టంగా కనిపిస్తుంది.

చాంద్రమాన సంవత్సరం సూర్యమాన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందువల్ల రంజాన్ ఏటేటా ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టివస్తుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి, ఒకే ఏడాది రెండు రంజాన్‌లు ప్రారంభం కానున్నాయి. పేదల వార్షిక ఆదాయంలో గణనీయమైన భాగం ఈ నెలపై ఆధారపడినప్పుడు, అది పంటల కోతలతోగాని, బడులు తెరిచే కాలంతోగాని ముడిపడి ఉండదన్న విషయం కూడా గుర్తుంచుకోదగినది.

రంజాన్ దానాలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఫిత్రా. ఈద్ రోజున ఏ ఇంటిలోనూ పొయ్యి వెలగకుండా ఉండరాదన్న ఉద్దేశంతో, ఈద్ నమాజుకు ముందే కుటుంబంలోని ప్రతి వ్యక్తి పేరిట నిర్ణీత పరిమాణంలో గోధుమలు, ఖర్జూరాల వంటి ఆహార పదార్థాలు గాని, వాటి విలువ గాని ఇచ్చే దానం ఇది. రెండవది జకాత్. ఇది సంపదపై విధింపు. ఒక వ్యక్తి వద్ద నిర్ణీత పరిమితికి మించిన బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకు ఒక చాంద్రమాన సంవత్సరంపాటు నిలిచి ఉంటే, అందులో రెండున్నర శాతం పేదలకు చెల్లించాలి. నిజానికి జకాత్‌ను రంజాన్‌లోనే ఇవ్వాలన్న నియమం లేదు. కానీ ఈ మాసంలో చేసిన సత్కార్యానికి పుణ్యఫలం అధికమన్న విశ్వాసం వల్ల చాలామంది తమ ఏడాది లెక్కను ఇక్కడే ముగిస్తారు. వీటికి అదనంగా ఎవరికైనా, ఎప్పుడైనా స్వచ్ఛందంగా ఇచ్చేది సదఖా.

జకాత్ వర్తించే కనీస పరిమితిని నిసాబ్ అంటారు. బంగారం లెక్కన అది ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండి లెక్కన 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు. తొలినాళ్లలో ఈ రెండింటి విలువ సమీపంగా ఉండేది. నేడు వాటి మధ్య ఎంతో అంతరం ఏర్పడింది. నగదుకు వెండిని ప్రమాణంగా తీసుకుంటే మధ్యతరగతిలో చాలామంది చెల్లించవలసినవారే అవుతారు. బంగారాన్ని ప్రమాణంగా తీసుకుంటే వారిలో అనేకులు ఆ పరిధి నుంచి తప్పుకుంటారు. పాకిస్తాన్ ప్రభుత్వం వెండి ధరను బట్టి ఏటా ఈ పరిమితిని ప్రకటిస్తుంది. 2024లో 1,35,179 పాకిస్తానీ రూపాయలుగా ఉన్న ఈ పరిమితి 2025లో 1,79,689 రూపాయలకు చేరింది. ఒక్క ఏడాదిలో దాదాపు మూడోవంతు పెరుగుదల ఇది.

ఇక ఈ సొమ్ము ఎవరికి చెందాలన్న విషయంలో ఖురాన్ ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. నిరుపేదలు, అవసరంలో ఉన్నవారు, రుణగ్రస్తులు, దారిలో చిక్కుకున్న బాటసారులు, బానిసత్వం నుంచి విముక్తి పొందవలసినవారు మొదలైనవారితోపాటు జకాత్ వసూలుచేసే సిబ్బంది కూడా ఆ జాబితాలో ఉన్నారు. తల్లిదండ్రులకు, సంతానానికి ఇది చెల్లదు. పేదవారైన తోబుట్టువులకు చెల్లుతుంది. ఉపఖండంలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ న్యాయ సంప్రదాయం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన వ్యక్తి సొంతం కావాలి. భవన నిర్మాణానికో, రహదారికో నేరుగా వెచ్చించడానికి వీలులేదు. అన్నిటికీ మించి ఇది దాత దయ కాదు, పేదవాని హక్కు అన్నది మూలసూత్రం. ఈ సూత్రం ఆచరణలో ఎంతవరకు నిలిచిందన్నదే అసలు విషయం.

జనరల్ జియా ప్రయోగం

పాకిస్తాన్ సైనిక పాలకుడు జనరల్ జియా ఉల్ హక్ 1980 జూన్‌లో జకాత్, ఉష్ర్ ఆర్డినెన్స్‌ను జారీచేశారు. ఉష్ర్ అనేది వ్యవసాయోత్పత్తిపై విధించే దానం. పేదరికాన్ని మతధర్మం ద్వారా నిర్మూలించగలమన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ఇస్లామీకరణ పేరిట తన అధికారానికి ఆమోదముద్ర సంపాదించుకోవడం జియా ఉద్దేశమన్నది విమర్శకుల వాదన. ఉద్దేశం ఏదైనప్పటికీ నిర్మాణం మాత్రం విస్తృతంగానే జరిగింది. కేంద్రంలో జకాత్ మండలి, రాష్ట్రాలలో మండళ్లు, జిల్లా సంఘాలు, వాటి కింద గ్రామాలలోనూ పేటలలోనూ దాదాపు 40 వేల స్థానిక సంఘాలు ఏర్పడినాయి. వితంతువులకు, వికలాంగులకు జీవనభృతి, విద్యార్థులకు ఉపకార వేతనాలు, రోగులకు వైద్యసాయం, పేద ఆడపిల్లల వివాహాలకు సహాయం ఈ సంఘాల ద్వారా అందవలసి ఉన్నది.

అమలు మొదలైన కొద్ది రోజులకే తీవ్రమైన ప్రతిఘటన ఎదురైంది. షియాలు అనుసరించే జాఫరీ న్యాయ సంప్రదాయం ప్రకారం కాగితపు నగదుపై జకాత్ విధిగా వర్తించదు. పైగా దానిని ప్రభుత్వానికి అప్పగించవలసిన బాధ్యత కూడా విశ్వాసికి లేదు. 1980 జులైలో ముఫ్తీ జాఫర్ హుస్సేన్ నాయకత్వంలో వేలాది షియాలు ఇస్లామాబాద్‌లో సమావేశమై సచివాలయాన్ని దిగ్బంధించారు. సైనిక శాసనం అమలులో ఉన్న ఆ కాలంలో ప్రభుత్వం దిగిరావడం అరుదైన విషయం. అయినా జియా ప్రభుత్వం ఒప్పందానికి వచ్చింది. తమ న్యాయ సంప్రదాయం అనుమతించదని ప్రమాణపత్రం దాఖలు చేసేవారిని నిర్బంధ వసూలు నుంచి మినహాయించేందుకు చట్టాన్ని సవరించింది.

ఈ మినహాయింపు కొత్త చిక్కులు తెచ్చిపెట్టింది. కోత నుంచి తప్పించుకోవడం కోసం సున్నీ ఖాతాదారులు కొందరు బ్యాంకు పత్రాలలో తమను షియాలుగా పేర్కొనడం ప్రారంభించారు. భక్తిశ్రద్ధలను పెంపొందించవలసిన చట్టం అబద్ధపు ప్రమాణాలకు దారితీసింది. మనిషి తాను ఏ శాఖకు చెందినవాడో బ్యాంకు గుమాస్తాకు చెప్పుకోవలసిన పరిస్థితి శాఖల మధ్య అంతరాన్ని మరింత స్పష్టపరచింది. మినహాయింపు కోరే హక్కు షియాలకే పరిమితం కాదనీ, ఇతర న్యాయ సంప్రదాయాలను అనుసరించే ముస్లింలకు కూడా వర్తిస్తుందనీ 1999లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనితో నిర్బంధ వసూలు ఆచరణలో ఐచ్ఛికంగా మారిపోయింది. ముద్రిత పత్రంపై సంతకం చేసి గడువులోగా బ్యాంకుకు అందజేసిన వ్యక్తి ఖాతా జోలికి ఎవరూ రారు. గడువు మరచిపోయినవారు, నియమాలు తెలియనివారు, నిజంగా ఇవ్వదలచినవారు మాత్రమే ఈ కోత పరిధిలో మిగిలారు.

పంపిణీ విషయంలోనూ ప్రభుత్వ నిధికి మంచిపేరు రాలేదు. స్థానిక సంఘాల ఎంపికలో రాజకీయ పలుకుబడి ప్రవేశించిందని, లబ్ధిదారుల జాబితాలలో అనర్హులు చేరారని ఆరోపణలు వెల్లువెత్తినాయి. 1980 దశకంలో ఈ నిధులలో ఒక భాగం మదర్సాలకు మళ్లడం, వాటి సంఖ్య పెరగడానికి తోడ్పడడం కూడా వివాదాస్పదమైంది. నిజమైన అర్హులకు అందిన భృతి సైతం స్వల్పం. దానితో నెల గడవడం అసాధ్యం. చివరకు 2010లో 18వ రాజ్యాంగ సవరణ అనంతరం జకాత్ పాలన కేంద్రం చేతి నుంచి రాష్ట్రాలకు మారింది. అయినా బ్యాంకుల కోత మాత్రం ఆగలేదు.

ప్రజల దాతృత్వం ఇందుకు పూర్తిగా భిన్నమైన చిత్రాన్ని చూపుతుంది. నగదు, వస్తువులు, శ్రమదానం అన్నీ కలుపుకుని 1998లో పాకిస్తాన్ పౌరులు వ్యక్తిగతంగా చేసిన దానాల విలువ సుమారు 7 వేల కోట్ల పాకిస్తానీ రూపాయలని ఆగాఖాన్ అభివృద్ధి సంస్థల ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం అంచనా వేసింది. ప్రభుత్వ నిధికి చేరిన జకాత్ దీని ముందు అత్యల్పం. 1994లో లాహోర్‌లో ప్రారంభమైన షౌకత్ ఖానుమ్ క్యాన్సర్ ఆసుపత్రి పేద రోగుల చికిత్సకు జకాత్‌ను ప్రధాన వనరుగా చేసుకున్నది. 2016లో మరణించిన అబ్దుల్ సత్తార్ ఈధీ నెలకొల్పిన సంస్థ ప్రభుత్వ సహాయం తీసుకోకుండానే సామాన్యుల విరాళాలతో దేశవ్యాప్తంగా అంబులెన్సులు నడిపింది. కరాచీ వీధులలో చేయిచాచి విరాళం అడిగిన ఈధీకి జనం నోట్ల కట్టలు అందించారు. అదే జనం ప్రభుత్వ నిధికి మాత్రం ముఖం చాటేశారు. డబ్బు ఎక్కడికి పోతున్నదో తమ కళ్లకు కనిపించడమే ఈ తేడాకు కారణం.

గేటు ముందు మృత్యువు

అయితే ప్రభుత్వ వసూలు విఫలమైనంత మాత్రాన వ్యక్తిగత దానం లోపరహితమైనదని చెప్పడానికి వీలులేదు. బంగ్లాదేశ్ అనుభవం ఇందుకు హెచ్చరిక. ఆ దేశంలో 1982 నాటి ఆర్డినెన్స్ ద్వారా ప్రభుత్వ జకాత్ నిధి ఏర్పడింది. దాని స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చింది. రెండింటిలోనూ చెల్లింపు ఐచ్ఛికమే. దాతలలో అత్యధికులు సొంతంగా పంచడానికే మొగ్గు చూపుతారు. రంజాన్ వచ్చిందంటే బజారులో జకాత్ చీరలు, జకాత్ లుంగీలు అన్న పేరుతో ప్రత్యేకంగా చౌకరకం బట్టలు అమ్మకానికి వస్తాయి. తాను ధరించడానికి ఇష్టపడని వస్త్రాన్ని ధనికుడు పేదవానికి దానంగా కొంటాడు. హక్కు అన్న మాట ఇక్కడే సడలిపోతున్నది.

2015 జులై 10న మైమెన్‌సింగ్ పట్టణంలో ఒక పొగాకు ఉత్పత్తుల వ్యాపారి ఇంటి వద్ద బట్టలు పంచనున్నట్లు తెలిసి, తెల్లవారకముందే వందలాది మంది పేదలు గేటు వద్ద గుమిగూడారు. తలుపు తెరిచిన క్షణంలో జరిగిన తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించారు. మృతులలో అధికులు మహిళలు. 2018 మే నెలలో, రంజాన్ ప్రారంభానికి కొద్దిరోజుల ముందు, చిట్టగాంగ్ జిల్లాలోని సాత్కానియాలో ఇఫ్తార్ సామగ్రి పంపిణీలో జరిగిన తొక్కిసలాట కూడా పలువురు మహిళలను బలిగొన్నది.

పాకిస్తాన్‌లోనూ ఇదే కథ పునరావృతమైంది. 2009 సెప్టెంబరులో రంజాన్ సందర్భంగా కరాచీలోని ఇరుకు వీధిలో ఒక వ్యాపారి ఉచితంగా పిండి పంచగా, ఊపిరాడక, కాళ్లకింద నలిగి దాదాపు 20 మంది మహిళలు, పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. 2023 మార్చి 31న అదే నగరంలోని పారిశ్రామిక ప్రాంతంలో ఒక కర్మాగారం ఆవరణలో జకాత్ పంపిణీ జరుగుతుండగా కనీసం 11 మంది మృతిచెందారు. ధరలు తీవ్రంగా పెరిగి గోధుమ పిండి సామాన్యులకు అందుబాటులో లేకుండా పోయిన సంవత్సరమది. అదే రంజాన్‌లో ప్రభుత్వం చేపట్టిన ఉచిత పిండి పంపిణీ కేంద్రాల వద్ద సైతం తొక్కిసలాటలు జరిగి కొందరు మరణించారు. కనుక పంచేది ప్రభుత్వమా, ప్రైవేటు వ్యక్తా అన్నది మాత్రమే ఇక్కడ ప్రశ్న కాదు.

ఈ దుర్ఘటనలను పోల్చి చూస్తే ఒకే లక్షణం కనిపిస్తుంది. ఎవరికి ఇవ్వాలన్నది ముందుగా నిర్ణయం కాలేదు. ఒకే రోజు, ఒకే ద్వారం, ఎంతమంది వస్తారో అంచనా లేని జనసమూహం. గేటు ముందు గుంపు పెద్దదైన కొద్దీ దాత ప్రతిష్ఠ పెరుగుతుందన్న భావన కూడా దీనికి తోడవుతుంది. అదే సొమ్మును ముందుగా గుర్తించిన ఇళ్లకు చేరవేసి ఉంటే ఒక్క ప్రాణమూ పోయేది కాదు. ఒక చీర కోసమో, కొద్దిపాటి పిండి కోసమో ప్రాణాలొడ్డిన స్త్రీలు ఆ నెలంతా ఉపవాసం పాటించవలసినవారే అన్న సంగతి ఈ విషాదాన్ని మరింత బరువెక్కిస్తుంది.

భారత్‌లో స్వచ్ఛందమే మార్గం

భారతదేశంలో పరిస్థితి మౌలికంగా భిన్నమైనది. ఏదేని ఒక మతాన్ని పోషించడానికి ప్రత్యేకంగా వినియోగించే పన్నును చెల్లించవలసిందిగా ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 27వ అధికరణం శాసిస్తున్నది. కనుక ప్రభుత్వం జకాత్ వసూలు చేయడమన్న ప్రసక్తే లేదు. ఇక్కడ జకాత్ పూర్తిగా వ్యక్తి అంతరాత్మకు సంబంధించినది. ఈ స్వేచ్ఛ వల్ల పాకిస్తాన్‌లో తలెత్తిన శాఖా వివాదాలు గాని, అబద్ధపు ప్రమాణాలు గాని ఇక్కడ తలెత్తలేదు. అయితే ఏటా ఎంత జకాత్ పోగవుతున్నది, అది ఎవరికి చేరుతున్నది అన్న సమగ్రమైన లెక్క కూడా ఎవరివద్దా లేదు. ఏటా వేలకోట్ల రూపాయలంటూ వినవచ్చే అంకెలు ఊహాగానాలు మాత్రమే.

ఈ సొమ్ములో పెద్ద భాగం సంప్రదాయికంగా మదర్సాలకు చేరుతున్నది. సఫీర్‌లు అని పిలిచే ప్రతినిధులు ఉత్తరప్రదేశ్, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి రశీదు పుస్తకాలు చేతబట్టుకుని ముంబయి, హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలకు తరలివస్తారు. మసీదులలో నమాజు ముగిసిన వెంటనే విరాళాలు సేకరిస్తారు. నిరుపేద బాలురకు ఉచితంగా భోజనం, వసతి, చదువు కల్పించే సంస్థలకు ఈ సొమ్మే ఆధారమన్నది కాదనలేని సత్యం. అయితే కొందరు సఫీర్‌లు సేకరించిన మొత్తంపై కమిషన్ తీసుకునే పద్ధతిని పలువురు ఉలేమాలు సైతం ఆక్షేపించారు. రశీదులో పేర్కొన్న సంస్థ నిజంగా ఉన్నదో లేదో వేల కిలోమీటర్ల దూరంలోని దాతకు తెలిసే అవకాశం తక్కువ.

2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక వెల్లడించిన ఒక వాస్తవాన్ని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. బడికి వెళ్లే వయసు గల ముస్లిం బాలబాలికలలో మదర్సాలలో చదివేవారు సుమారు 4 శాతానికి మించరని ఆ నివేదిక పేర్కొన్నది. తక్కిన వారిలో అత్యధికులు ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలలో చదువుతున్నారు, లేదా చదువు మధ్యలో మానివేస్తున్నారు. పై చదువులకు చేరేసరికి ముస్లిం విద్యార్థుల సంఖ్య బాగా తగ్గిపోతున్నదని కూడా అదే నివేదిక తెలిపింది. జకాత్‌లో ఎక్కువ భాగం ఏ కొద్దిమందికో పరిమితమైతే, ఫీజు కట్టలేక పదవ తరగతితో ఆగిపోయే బాలిక సంగతేమిటన్న చర్చ ముస్లిం సమాజంలోపలే మొదలు కావడానికి ఇది దోహదం చేసింది.

ఈ దిశలో కొన్ని ప్రయత్నాలు అంతకుముందే ఆరంభమైనాయి. 1997లో ఢిల్లీలో ఏర్పడిన జకాత్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా అనాథల పోషణతోపాటు సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణకు విద్యార్థులకు తోడ్పడుతున్నది. కేరళలో మసీదు పరిధిలోని కుటుంబాలన్నిటినీ కలిపిన మహల్లు వ్యవస్థ ద్వారా కొన్నిచోట్ల జకాత్‌ను ఉమ్మడిగా సేకరించి పంచే పద్ధతి ఉన్నది. తెలుగునాట హైదరాబాద్‌లో 1990 దశకం నుంచి పనిచేస్తున్న జకాత్, చారిటబుల్ ట్రస్టు పేద విద్యార్థుల చదువుకు ప్రాధాన్యమిస్తున్నది. రంజాన్ నెలలో ఇతర జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి యాచకులు హైదరాబాద్‌కు తరలిరావడం ఏటా కనిపించే దృశ్యమే. గల్ఫ్ దేశాలలో పనిచేసేవారు తమ జకాత్‌ను స్వస్థలాలలోని బంధువులకు పంపడం కూడా ఆనవాయితీ. వీధిలో చేతికి చిక్కిన వారికి చిల్లర పంచడమా, ఒక విద్యార్థికి ఏడాది ఫీజు కట్టడమా అన్న ఎంపిక ఇక్కడి దాత ముందు ఏటా నిలుస్తూనే ఉన్నది.

2020 నాటి అనుభవం

2020 రంజాన్ ఈ ప్రశ్నలన్నిటికీ అనుకోని పరీక్ష పెట్టింది. ఆ ఏడాది ఏప్రిల్ 25న భారత్‌లో ఉపవాసాలు ప్రారంభమయ్యేనాటికి కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉన్నది. మసీదులలో సామూహిక ప్రార్థనలు నిలిచిపోయినాయి. రైళ్లు లేనందున సఫీర్‌లు ప్రయాణం చేయలేకపోయారు. దానితో చిన్న మదర్సాల ఆదాయం తీవ్రంగా పడిపోయి, ఉపాధ్యాయుల జీతాలకు సైతం కటకట ఏర్పడింది. ఏడాది ఖర్చుకు ఒక్క నెలనే నమ్ముకున్న వ్యవస్థ ఎంత బలహీనమైనదో ఆ సంవత్సరం బట్టబయలైంది.

మరోవైపు అదే లాక్‌డౌన్ దాతలను తమ పేట వైపు తిప్పింది. పండుగ దుస్తులకు, ఇఫ్తార్ విందులకు కేటాయించిన డబ్బు ఉపాధి కోల్పోయిన ఇళ్లకు బియ్యం, పప్పు రూపంలో చేరింది. మహారాష్ట్రలోని ఇచల్‌కరంజి పట్టణంలో ముస్లింలు రంజాన్ విరాళాలుగా పోగుచేసిన 36 లక్షల రూపాయలతో ప్రభుత్వ ఆసుపత్రిలో పది పడకల అత్యవసర చికిత్సా విభాగం ఏర్పాటైంది. మతంతో నిమిత్తం లేకుండా ఆ పట్టణ ప్రజలందరికీ ఉపయోగపడే సదుపాయమిది. జకాత్ సొమ్ము ముస్లిం పేదలకే చెందాలన్నది అధిక సంఖ్యాక న్యాయశాస్త్రజ్ఞుల అభిప్రాయం కాగా, సదఖాకు అటువంటి హద్దు లేదు. రంజాన్ దానం ఊరందరి అవసరానికీ నిలబడగలదనడానికి ఇచల్‌కరంజి ఒక నిదర్శనం.

జమాఖర్చులే కీలకం

మూడు దేశాల అనుభవాన్ని కలిపి చూసినప్పుడు తేలేది ఒకటే. ప్రజలకు ఇవ్వాలన్న కోరిక లేక కాదు, ఇచ్చినది ఎక్కడికి చేరుతున్నదో తెలియకనే వారు వెనుకంజ వేస్తున్నారు. పాకిస్తాన్ ప్రభుత్వం వసూలు చేసే అధికారాన్ని సంపాదించుకున్నది గాని, నమ్మకాన్ని సంపాదించుకోలేకపోయింది. బంగ్లాదేశ్ దాతలకు స్వేచ్ఛ ఉన్నది గాని, పంపిణీకి పద్ధతి ఏర్పడలేదు. భారత్‌లో స్వేచ్ఛతోపాటు కొన్ని మంచి సంస్థలూ ఉన్నాయి. అయితే దాత అడగకపోవడం వల్లనే చాలా సంస్థలు లెక్క చూపడం లేదు.

లెక్క అడగడం భక్తికి విరుద్ధమన్న భావన కొందరిలో ఉన్నది. కానీ జకాత్ స్వభావమే లెక్కతో కూడుకున్నది. తులాలు, గ్రాములు, ఏడాది నిడివి, రెండున్నర శాతం, ఎనిమిది వర్గాలు అంటూ ఇంత కచ్చితంగా కొలతలు నిర్దేశించిన దానం, చెల్లించేటప్పుడు ఎంత లెక్కగా ఉంటుందో చేరేటప్పుడూ అంత లెక్కగా ఉండాలని కోరడం సహజం. వసూలు చేసే సంస్థలు ఏటా జమాఖర్చులు మసీదు గోడపై అంటించినా, స్థానిక పత్రికలో ప్రకటించినా సరిపోతుంది. అర్హుల జాబితాను రంజాన్‌కు ముందే పేటలవారీగా తయారుచేసుకుంటే గేట్ల ముందు గుంపులు గుమిగూడవలసిన అవసరం ఉండదు. సహాయం ఇంటికో, బ్యాంకు ఖాతాకో చేరితే పుచ్చుకునేవారి గౌరవానికి భంగం కలగదు. మొత్తాన్ని ఒకే నెలలో ఖర్చుచేయకుండా కొంత భాగాన్ని నెలనెలా అందిస్తే, పండుగ మరునాటి నుంచి మళ్లీ పస్తులుండే కుటుంబాలకు ఆసరా దొరుకుతుంది.

ఇవేవీ కొత్త చట్టాలు అవసరమైన పనులు కావు. మసీదు సంఘాలు, దాతలు, స్థానిక పెద్దలు తలచుకుంటే వచ్చే రంజాన్ నుంచే మొదలుపెట్టగలిగినవి. ఉపవాసం మనిషి స్వయంగా అనుభవించే ఆకలి. సూర్యాస్తమయంతో అది ముగుస్తుంది. ఏడాది పొడవునా ముగియని ఆకలి ఏ ఇంటిలో ఉన్నదో కనుగొని, ఆ ఇంటివారిని వరుసలో నిలబెట్టకుండా వారి వాటా వారికి చేర్చడమే ఈ మాసం దాతలకు, సంస్థలకు మిగిల్చే బాధ్యత.